పొత్తులో కలపని మాట

పోర్ట్ క్లారియన్‌లో లోటీ గురల్స్కీ గొంతు తెలియనివాళ్ళు లేరు. మొహం తెలిసినవాళ్ళు అందులో సగం కూడా ఉండరు. మాంసం కొట్లో వరుసలో నిలబడి రెండు పౌన్ల సాసేజి కావాలని అడిగితే చాలు, ముందున్నవాళ్ళు వెనక్కి తిరిగి చూసేవారు. సెయింట్ కింగా ఆసుపత్రిలో పొద్దున్నే మైకులో ప్రార్థన చదివే ఆవిడ మీరే కదా అని పలకరించి, మోకాలి ఆపరేషన్ దగ్గర్నించి తల్లి పోయిన రోజు దాకా అన్నీ చెప్పుకునేవారు. లోటీ అన్నిటికీ తల ఊపేది. కానీ ఆ రోజు ఇంటికి వెళ్ళే నడకలో ఒక ఠీవి ఉండేది.

ఆ ఆసుపత్రి పోలిష్ కన్యాస్త్రీలు కట్టింది. లోటీ పంతొమ్మిదో ఏట అందులో టెలిఫోన్ గదిలో చేరింది. అప్పట్లో ఆసుపత్రికి పెద్ద సిస్టర్ రొమానా. ఏడు గంటల ప్రార్థన ఆమే స్వయంగా వచ్చి చదివేది. మూడు అంతస్తుల్లోనూ గరిటె చప్పుడు కూడా వినపడేది కాదట, అంత గొంతు ఆమెది. 1971లో ఆమెకి గొంతులో గడ్డ కోసి తీశారు. ప్రాణం దక్కింది, గొంతు బొంగురుపోయింది. తిరిగి పనిలోకొచ్చిన మర్నాడు లోటీ చేతిలో ఏడు అట్టముక్కలు పెట్టింది, వారానికి ఏడు ప్రార్థనలు. రేపటినుంచి నువ్వు చదువు అంది, అంతే. లోటీ ఆ ఏడు ప్రార్థనలే ఇరవయ్యారేళ్ళు చదివింది. ఆదివారం అట్ట మీద అక్షరాలు చెరిగిపోతే చూడకుండానే చెప్పేది.

ఆ గదిలో ఆమె నేర్చుకున్న ఇంకో విద్య ఇంటి మాటలు, అంటే లోపలివాళ్ళకి మాత్రమే తెలిసే గుర్తు మాటలు. రోగులు హడలిపోకుండా ఉండేందుకు, నిప్పు అంటుకుంటే ఒక మాట, పిల్లవాడు తప్పిపోతే ఒక మాట మైకులో చెప్పేవారు. ఎవరైనా పోతే మాత్రం, "మిస్టర్ జోసెఫ్, ఫలానా అంతస్తు, ఫలానా గది" అనేవారు. మంచి చావు కోసం జోజప్పగారికి, అంటే సెయింట్ జోసెఫ్‌కి, మొక్కుకునే అలవాటు వాళ్ళది, అందుకని సిస్టర్ రొమానాయే ఆ మాట పెట్టింది. అది వినగానే గుడ్డ కప్పిన బండి తోసుకుంటూ ఇద్దరు, ఆఖరి దీవెనకి నూనె సీసాతో ఫాదర్ బయల్దేరేవారు. మిగతావాళ్ళు ఎక్కడివాళ్ళు అక్కడ ఒక్క ఊపిరి సేపు ఆగేవారు, చేతిలో కప్పుంటే కింద పెట్టేవారు. రోగులకి ఇదేమీ తెలియదు. ఆ జోసెఫ్ ఎవరో గాని పాపం కాస్త కూర్చోవడానికి కూడా తీరిక లేదని జాలిపడినవాళ్ళు కూడా ఉన్నారు.

లోటీ భర్త చెస్టర్ అక్కడే, గుండెజబ్బుల వార్డులో పోయాడు. ఫోను లోటీకే వచ్చింది. పక్కనున్న అమ్మాయి నేను చెబుతానంటే చేయి అడ్డం పెట్టి తనే మైకు మీట నొక్కింది. మిస్టర్ జోసెఫ్ అంది. ఒక ఊపిరి ఆగింది. తర్వాత అంతస్తు, గది నంబరు చెప్పింది. గొంతు వణకలేదని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ రోజునుంచి ఆ మాట ఆసుపత్రిదన్న సంగతి ఆమె మర్చిపోయింది. అది తనదే అనుకుంది.

తర్వాత పొత్తు వచ్చింది. సిస్టర్లు ముసలివాళ్ళయ్యారు, కొత్తగా చేరేవాళ్ళు లేరు, లాభం చూసుకోని ఆసుపత్రికి పైకప్పు బాగుచేయించుకునే దిక్కు కూడా లేదు. వంతెన అవతల హార్బర్ క్రెస్ట్ అని లాభాల ఆసుపత్రి ఒకటుంది. దాన్ని నడిపే కంపెనీ వచ్చి, రెండూ కలిపి నడుపుదాం, పేరు మీదే ఉంచండి, గోడల మీద సిలువలు కూడా ఉంచండి అంది. నూటికి ఎనభై వంతులు కంపెనీవి, ఇరవై వంతులు సిస్టర్లవి. దేవుడి వంతు ఎందులో చేరిందో కాగితంలో రాయలేదని క్యాంటీన్ వంటావిడ దెప్పేది. కాన్పుల వార్డు వంతెన అవతలికి పోయింది. ముసలివాళ్ళూ గుండెజబ్బులూ ఇవతల మిగిలాయి. పుట్టేవాళ్ళని వాళ్ళు తీసుకుని, పోయేవాళ్ళని మనకి వదిలారని లోటీ మొహం మాడ్చుకుంది. ఇది ఇంకా మొదలే.

1997 జనవరిలో రెండు టెలిఫోన్ గదులు ఒకటి చేశారు. వంతెన అవతలినుంచి ఇమోజీన్ ప్రాట్ తన కుర్చీదిండు చంకలో పెట్టుకుని వచ్చింది. వెస్ట్ వర్జీనియా కొండల మనిషి, యాభై ఏళ్ళుంటాయి. గొంతు పాకంలా సాగుతుంది. ఎవరినైనా బంగారం అని పిలుస్తుంది, డాక్టర్లని కూడా. పొద్దుటి కుర్చీ ఒకటే, మనుషులు ఇద్దరు. పొద్దుటి కుర్చీ ఎవరిదైతే ప్రార్థన వాళ్ళది. ఈస్టర్‌లోగా తేలుస్తామని పొత్తు కమిటీ చెప్పింది. అందులో సగం కంపెనీవాళ్ళు, సగం సిస్టర్లు. వంతులు ఎలా ఉన్నా కుర్చీలు మాత్రం సమానంగా వేశారు.

ప్రార్థన పోతే తనకి ఏం మిగులుతుందో లోటీకి బాగా తెలుసు. పిల్లలు లేరు. చెస్టర్ లేడు. మాంసం కొట్లో వెనక్కి తిరిగి చూసేవాళ్ళే ఆమె బలగం.

లోటీ పన్ను పీకించుకున్న రోజున ఇమోజీన్ మొదటిసారి ప్రార్థన చదివింది. చదవలేదు, అదే వచ్చిన చిక్కు. ఆమె బాప్టిస్టు, రాసిపెట్టిన ప్రార్థనలు చదివే అలవాటు వాళ్ళకి లేదు. అట్టముక్కలు పక్కన పెట్టి సొంతంగా మాట్లాడింది. వంటింట్లో పొద్దున్నే ఉల్లిపాయలు తరిగేవాళ్ళని, నేల తుడిచేవాళ్ళని పేరు పేరునా చెప్పి దేవా వీళ్ళ నడుములు కాపాడు అంది. మర్నాడు లోటీ దవడ వాచి వచ్చేసరికి ఆసుపత్రిలో వేరే మాట లేదు. నేల తుడిచే కాజిమిర్ ముప్ఫయ్యేళ్ళుగా లోటీని చూసి తల ఊపి పోయేవాడు. అలాంటివాడు టెలిఫోన్ గది తలుపు దగ్గర నిలబడి, ఇమోజీన్‌కి టోపీ తీశాడు. లోటీ కళ్ళల్లో నిప్పులు పోసుకుంది.

అది చాలనట్టు సిస్టర్ రొమానా కూడా మెచ్చుకుంది. తుంటి ఎముక విరిగి మూడో అంతస్తులో మూడు వందల పద్నాలుగో గదిలో ఉందామె. లోటీ రోజూ మధ్యాహ్నం వెళ్ళి పలకరించి వస్తుంది. ఆ రోజు సిస్టర్, "ఆ కొత్తావిడ బాగా చేసింది లోటీ. వంటవాళ్ళని తలుచుకుంది," అంది బొంగురుగొంతుతో. ఇరవయ్యారేళ్ళలో లోటీని ఒక్కసారి కూడా బాగా చేశావని అనలేదు. లోటీ గ్లాసులో నీళ్ళు పోసి ఇస్తూ సగం దుప్పటి మీద ఒలకబోసి వచ్చేసింది.

ఇమోజీన్ మంచి మనిషే, చెడ్డదైనా బాగుండేది. తెచ్చుకున్న బిస్కట్లలో సగం ఇచ్చేది. ఫోను తీసే ముందు దిండు సర్దుకుంటూ, "నీ గొంతు వింటే నాకు మా పెద్దమ్మ గుర్తొస్తుంది బంగారం," అనేది. లోటీకి ఒళ్ళు మండేది. ఆమె కంటే తను మూడేళ్ళే పెద్ద, పెద్దమ్మ అట.

ఫిబ్రవరి మొదట్లో కంపెనీ ఒక కాగితం పంపింది. రెండు ఆసుపత్రుల ఇంటి మాటలూ వేరు గనక, ఎవరి మాటలు వాళ్ళు రాసి ఎదుటివాళ్ళకి ఇవ్వాలి. ఇమోజీన్ నాలుగు పేజీలు గుండ్రటి అక్షరాలతో రాసిచ్చింది. లోటీ ఒకటి రెండు అని అంకెలు వేసుకుంటూ రాసింది. ఏడో అంకె దగ్గర పెన్ను ఆగింది. భవనం ఇచ్చారు, నేల ఇచ్చారు, కాన్పుల వార్డు ఇచ్చారు, పేరు కూడా పొత్తులో కలిపారు. ఇది కూడా ఇచ్చేస్తే ఈ పాకం గొంతు మిస్టర్ జోసెఫ్ అని సాగదీస్తుంది, అందరూ దానికీ టోపీలు తీస్తారు. ఎవరైనా పోతే ఆ ఫోను నేనే తీసుకుంటాను, ఆమెకి ఎందుకు అనుకుంది. ఏడో అంకె పక్కన చాకలి గది ఫోను నంబరు రాసి, ఎనిమిది వేసింది.

విభూది బుధవారానికి ముందురోజు పోలిష్ ఇళ్ళల్లో పాంచ్కీలు చేసుకుంటారు. రేపటినుంచి ఉపవాసాలు గనక ఇవాళే తినేయాలని, లోపల ప్లమ్ పళ్ళ జామ్ పెట్టి నూనెలో వేయించిన బన్నులు తట్టలకి తట్టలు లేస్తాయి. ఆ మంగళవారం పది గంటలకి లోటీ క్యాంటీన్‌కి వెళ్ళింది. ఇమోజీన్ ఒక్కతే ఫోన్ల దగ్గర ఉంది.

మూడో అంతస్తునుంచి ఫోను వచ్చింది. చేసింది హార్బర్ క్రెస్ట్‌నుంచి కొత్తగా వచ్చిన ఆయా. పద్నాలుగో గదిలో మంచం తల వైపు పైకి లేవడం లేదు, మన మిస్టర్ జోసెఫ్‌ని పంపమంది. వాల్టర్ జోసెఫ్ అని వంతెన అవతల పన్నెండేళ్ళుగా మంచాలు బాగుచేసే మనిషి ఉన్నాడు, ఆ వారమే ఇటు వచ్చాడు. ఇమోజీన్ అతన్ని అక్కడ వెయ్యిసార్లు పిలిచి ఉంటుంది. మీట నొక్కి, తీయగా, రెండుసార్లు పిలిచింది. "మిస్టర్ జోసెఫ్, మూడో అంతస్తు, మూడు వందల పద్నాలుగో గది."

క్యాంటీన్‌లో చప్పుడు ఆగిపోయింది. వంటావిడ గరిటె కింద పెట్టి సిలువ గుర్తు వేసుకుంది. పద్నాలుగో గది ఎవరిదో తెలియనివాళ్ళు అక్కడ లేరు. ఎవరో ఏడుపు మొదలెట్టారు. లోటీ నోట్లో పాంచ్కీ ముక్క అలాగే ఉంది. సిస్టర్ పోయిందన్నమాట అనుకుంది. వెంటనే వచ్చిన ఇంకో ఆలోచనకి ఆమె చచ్చేదాకా సిగ్గుపడుతూనే ఉంది: నా సిస్టర్ కోసం కూడా ఆ ఇమోజీనే పిలిచింది, నేను పిలవాల్సింది. ఆ కుళ్ళు మధ్యలోనే అసలు సంగతి తట్టింది. ఇమోజీన్‌కి ఆ మాటే తెలియదు. మాట తెలియని మనిషి చావుకి ఎలా పిలుస్తుంది?

మూడు అంతస్తులూ మెట్లెక్కి వెళ్ళింది. గది ముందు గుడ్డ కప్పిన బండి ఉంది. దాని పక్కన ఇద్దరు మనుషులు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఫాదర్ నూనె సీసా మూత బిగిస్తున్నాడు. లోపల ఇద్దరు సిస్టర్లు కళ్ళు తుడుచుకుంటూనే నవ్వుతున్నారు. వాల్టర్ జోసెఫ్ మంచం కింద దూరి స్క్రూలు తిప్పుతున్నాడు. సిస్టర్ రొమానా పడుకునే, చేతులు గుండెల మీద జోడించుకుని ఉంది, కళ్ళు మాత్రం తెరిచి ఉన్నాయి.

"ఆ మాట పెట్టింది నేనే గదా," అంది లోటీని చూసి. "నా గది నంబరు వినగానే, సరే, నా కంటే వాళ్ళకే బాగా తెలిసుంటుందని కళ్ళు మూసుకున్నాను. ఎంతసేపు మూసుకున్నా ఏమీ కాదే."

అందరూ నవ్వారు. లోటీ నవ్వలేదు.

కమిటీ వెంటనే కూర్చుంది. ఇమోజీన్ తన తప్పేనని ఒప్పుకుంది. లోటీ రాసిచ్చిన కాగితం సరిగ్గా చూసుకోలేదేమో అంది. కాగితం తెచ్చి చూపమని ఎవరూ అడగలేదు. పొద్దుటి కుర్చీ లోటీకి ఇచ్చి, ఇమోజీన్‌ని నెలాఖరున తిరిగి వంతెన అవతలికి, పాత కాగితాల గదికి పంపాలని తేల్చారు. అంతా లోటీ కోరుకున్నట్టే అయింది. ఆ సాయంత్రం ఊళ్ళో ఠీవిగా నడవాలని చూసింది గాని ఆ నడక రాలేదు.

మర్నాడు నుదుట విభూదితో పద్నాలుగో గదికి వెళ్ళింది. సిస్టర్ ఆమెని కూర్చోమని కూడా అనలేదు.

"ఆవిడకి ఆ మాట రాసిచ్చావా?"

"మర్చిపోయినట్టున్నాను సిస్టర్."

"ఆ సొరుగు తియ్యి."

సొరుగులో జపమాల కింద, దారం కట్టిన అట్టముక్కల కట్ట ఉంది. లోటీ లెక్కపెట్టింది. ఏడు. సిస్టర్ చేతిరాతే. ఒక దాంట్లో వంటవాళ్ళ కోసం, ఒక దాంట్లో నేల తుడిచేవాళ్ళ కోసం, ఒక దాంట్లో టెలిఫోన్ గదిలో కూర్చునే అమ్మాయి కోసం ప్రార్థనలు ఉన్నాయి.

"మొత్తం పద్నాలుగు," అంది సిస్టర్. "నా గొంతు పోయింది. నీకేమో గంటలా ఉంది. అన్నీ ఇచ్చేస్తే నన్ను ఇంక ఎవరూ తలుచుకోరనిపించింది. మంచివి నేను ఉంచుకున్నాను."

లోటీ ఆ కట్ట సొరుగులో పడేసి వచ్చేసింది. ఆమెకి వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఇరవయ్యారేళ్ళు పాసిపోయిన ఏడు ప్రార్థనలు చదివించి, ఇంకొకత్తె వచ్చి వంటవాళ్ళని తలుచుకుంటే బాగా చేసింది అంటుందా? వారం రోజులు మూడో అంతస్తు మెట్లెక్కలేదు. దొంగముండ అని కూడా అనుకుంది, కన్యాస్త్రీని. అలా తిట్టుకుంటూ ఒక మధ్యాహ్నం పక్కకి చూస్తే, ఇమోజీన్ తన కప్పు కాగితంలో చుట్టుకుంటోంది. తను రాసిచ్చిన నాలుగు పేజీల కాగితం బల్ల మీదనుంచి లోటీ వైపు జరిపి, "ఇది నీ దగ్గరే ఉంచుకో, పనికొస్తుంది," అంది. లోటీ ఇంక తిట్టలేకపోయింది. ఆ తిట్టు ఎటు తిప్పినా తనకే తగులుతోంది.

పిలవకుండానే కమిటీ గదిలోకి వెళ్ళి నిలబడింది. "ఆ మాట ఆమెకి నేను ఇవ్వలేదు. మర్చిపోలేదు, ఇవ్వలేదు."

కంపెనీ తరఫు పెద్దమనిషి కళ్ళజోడు తీసి ఎందుకని అడిగాడు.

"ఆమె నాకంటే బాగా చదువుతుంది. అందుకని."

ప్రార్థన ఇమోజీన్‌కి పోయింది. లోటీకి మధ్యాహ్నాలు మిగిలాయి. ఆ సంగతి తెలిసిన రోజున ఇమోజీన్ దిండు సర్దుకుంటూ, "నాకు ముందే తెలుసు బంగారం," అంది. "అన్నీ ప్రాణాల మీదికొచ్చే మాటలు రాసి మధ్యలో చాకలి గది నంబరు రాశావు. అడుగుదామనుకున్నా. అడిగితే నీ ముందు తక్కువైపోతానని అడగలేదు." లోటీ పెన్ను తీసుకుని చాకలి గది నంబరు కొట్టేసి, ఆ పక్కన రాయాల్సింది రాసిచ్చింది. అలాగని స్నేహం కుదిరిందని అనుకోవద్దు. పొద్దున ఏడింటికి లోటీ ఇంట్లో కాఫీ తాగుతూ, ఇమోజీన్ ఇప్పుడు ఎవరి పేర్లు చెబుతోందో అనుకుని పళ్ళు నూరుకునేది.

సిస్టర్ రొమానా ఆ ఏటి చివర శీతాకాలంలో నిజంగానే పోయింది, మధ్యాహ్నం మూడింటికి. లోటీయే పిలిచింది. పొద్దుటి కుర్చీ దిగే ఒంటిగంట లోపు పోయి ఉంటే ఇమోజీన్ పిలిచేదని, సిస్టర్ చివరికి తన పక్షానే ఉందని బయటికే అంది. సొరుగులో ఉన్న ఏడు అట్టలూ సిస్టర్ చెప్పి పెట్టినట్టు లోటీకే వచ్చాయి. రెండు రోజులు దగ్గర పెట్టుకుని, మూడో రోజు ఇమోజీన్ బల్ల మీద పడేసింది.

ఆరేళ్ళకి కంపెనీ ఆ ఇరవై వంతులు కూడా కొనేసింది. మైకులో ప్రార్థన ఆగింది. ఇంటి మాటలన్నీ తీసేసి అంకెలు పెట్టారు. చావుకి తొమ్మిది. మైకులో ఇంకే పేరూ వాడకూడదని రాసి గోడకి అంటించారు.

2006లో లోటీకి కాలేయంలో రాచపుండు తేలింది. పేరు మాత్రమే మిగిలిన ఆ సెయింట్ కింగాలోనే, రెండో అంతస్తులో పడుకోబెట్టారు. ఇమోజీన్ రోజూ పని దిగాక వచ్చి కూర్చునేది. ఒక రోజు లోటీ ఆమె చేయి పట్టుకుని, పొద్దున పోతే నువ్వే పిలవాల్సొస్తుంది, మధ్యాహ్నం దాకా ఆగడానికి చూస్తాను అంది.

"ఇప్పుడు పిలవడం లేదుగా బంగారం. తొమ్మిది అంటాం, అంతే."

"అంకెతో పోతానా నేను?" అంది లోటీ. "జోసెఫ్ అన్నాక ఒక ఊపిరి ఆగాలి. నువ్వు ఆగవు. పాకంలా సాగదీసుకుంటూ పోతావు. ఏదీ, అను."

ఇమోజీన్ అంది. బాగాలేదంది లోటీ. మళ్ళీ అనిపించింది. నాలుగోసారికి గోడ వైపు తిరిగి పడుకుంది. కుళ్ళు తగ్గలేదు పాపం, ఈసారి బాగానే వచ్చింది మరి.

మధ్యాహ్నం దాకా ఆగలేకపోయింది. మంగళవారం పొద్దున తొమ్మిది నలభైకి ఫోను వచ్చింది. ఇమోజీన్ ఎదురుగా గోడ మీద అంకెల కాగితం ఉంది. ఆమె మీట నొక్కింది.

"మిస్టర్ జోసెఫ్."

ఒక ఊపిరి ఆగింది. తర్వాత అంతస్తు, గది నంబరు చెప్పింది. క్యాంటీన్‌లో కొత్తవాళ్ళు జోసెఫ్ ఎవరని ఒకరినొకరు అడిగారు. పాతవాళ్ళు చేతుల్లో కప్పులు కింద పెట్టారు.